మాల తీసిన తరువాత: దీక్షలో మానిన మద్యం మళ్లీ ఎందుకు మొదలవుతుంది? – ఒక కేస్ స్టడీ

మద్యవ్యసనానికి చికిత్స చేసే మానసిక వైద్యులకు తెలుగు జిల్లాల్లో ఏటా ఎదురయ్యే పరిస్థితి ఒకటి ఉంది. ఏడాదంతా తాగే మనిషి కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు, 41 రోజులు చుక్క ముట్టడు, శబరిమల వెళ్లి ఇరుముడి సమర్పించి వస్తాడు, మాల తీసిన రోజునో మరునాడో మళ్లీ సీసా పట్టుకుంటాడు. ఇంట్లోవాళ్లు దీన్ని భక్తి చాలకపోవడమంటారు, వైద్యులు వ్యసన లక్షణమంటారు, ఆ మనిషి మాత్రం ‘అనుకుంటే మానగలను’ అనడానికి దీన్నే సాక్ష్యంగా చూపిస్తాడు. ఈ వివరణల్లో ఏ ఒక్కటీ సరిపోదని స్పష్టంగా చూపిన కేసు కాబట్టి దీన్ని వివరంగా నమోదు చేస్తున్నాను. రోగి, ఆయన భార్య అనుమతితోనే రాస్తున్నాను. వయసు, వృత్తి, ఊరు, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

నేపథ్యం

రోగి నలభై ఐదేళ్ల వెల్డర్. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. తండ్రి కూడా తాగేవాడు, కాలేయం చెడి చనిపోయాడు. ఇరవైల్లో షెడ్డు మూసేశాక తోటి పనివాళ్లతో మొదలైన అలవాటు మెల్లగా పెరిగి, మా దగ్గరకు వచ్చేనాటికి రోజుకు రెండు క్వార్టర్లకు చేరింది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది కాబట్టి ఒక్కో క్వార్టర్‌తో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళుతుంది. గత కొన్నేళ్లుగా పొద్దున లేవగానే కొంత పడితే గానీ వెల్డింగ్ రాడ్ పట్టుకోవడానికి చెయ్యి నిలిచేది కాదు. ఈ ఒక్క వాక్యం వింటే చాలు, శరీరం మద్యానికి బానిసైందని వైద్యుడికి అర్థమవుతుంది. తాగుడు తీవ్రతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలో 40 మార్కులకు 20 గానీ అంతకు మించి గానీ వస్తే వ్యసనాన్ని గట్టిగా అనుమానించాలి. ఆయనకు 28 వచ్చాయి.

ఇంతటి తాగుడు ఉండి కూడా ఆయన ఎనిమిదేళ్లుగా ఏటా మాల వేసుకుంటున్నాడు. కన్నెస్వామిగా మొదలై కత్తి, గంట, గద అన్నీ దాటి, పీఠంలో కొత్తవాళ్లకు నియమాలు చెప్పే స్థాయికి వచ్చాడు. దీక్షలో ఉన్నన్నాళ్లు ఆయన నిష్ఠను ఎవరూ వేలెత్తి చూపలేదు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, చాప మీద పడక, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, సాయంత్రం శరణుఘోష, ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. భార్య మాటల్లో చెప్పాలంటే, ‘ఏడాది మొత్తంలో మేము బతికేది ఆ నలభై రోజులే సార్.’

వచ్చిన సమస్య

ఆయన మొదట మా దగ్గరకు వచ్చింది సలహా కోసం కాదు, అత్యవసర పరిస్థితిలో. మాల వేసుకునే ముందురోజు రాత్రి దాకా తాగి, ఎప్పటిలాగే ఒక్కసారిగా ఆపేశాడు. రెండో రోజు చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు. మూడో రోజు రాత్రి పీఠంలో భజన జరుగుతుండగా ఒళ్లంతా చెమటలు పట్టి ఊగిపోవడం మొదలుపెట్టాడు. కట్టుకున్న నల్లపంచె మీద చీమలు పాకుతున్నాయని గోటితో గీరుతూ, ఎదురుగా ఎవరూ లేని గోడతో మాట్లాడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు స్వామి ఒంటిమీదకు వచ్చాడనుకున్నారు, శరణుఘోష పెంచారు, కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. వాళ్లలో ఒకాయన ఏదో ఆస్పత్రిలో కాంపౌండర్‌గా పని చేసి ఉండబట్టి ఒళ్లు పట్టుకుని చూసి, జ్వరం, నాడి వేగం గమనించి ఆటో పిలిపించాడు.

అది డెలీరియం ట్రెమెన్స్. బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపినప్పుడు కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల లోపు మూర్ఛ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి లేనివి కనిపించే ఈ స్థితి రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణాపాయం. ఆయనకు వణుకును, మూర్ఛను అదుపు చేసే లోరజెపామ్ ఇచ్చాం, గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇచ్చాం. ఏళ్ల తరబడి తాగిన ఒంట్లో ఈ విటమిన్ ఇంకిపోయి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒంటిపూట భోజనంతో దీక్షలో ఉన్నవాడి విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

మిగతా ఏళ్లలో రానిది ఈసారే ఎందుకు వచ్చిందని తల్లి అడిగింది. నిజానికి అంతకు ముందు కూడా కొద్దికొద్దిగా వస్తూనే ఉంది. దీక్ష మొదటి రోజుల్లో ఆయనకు ఏటా జ్వరం, వణుకు వచ్చేవట, చన్నీటి స్నానం పడలేదని అనుకునేవారట. ఏటా ఒక్కసారిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపడం వల్ల ప్రతి విరామం వెనకటి దానికంటే తీవ్రమయ్యే అవకాశం ఉంటుంది. అంటే కుటుంబం ఏడాదంతా ఎదురుచూసే ఆ మంచి రోజుల తొలి వారమే ఆయనకు అత్యంత ప్రమాదకరమైన వారంగా మారుతూ వచ్చింది.

ఆస్పత్రిలో మొదటి ప్రశ్న మాల గురించే వచ్చింది. మంచం మీద పడుకోబెట్టాం, వేళ తప్పి తినిపిస్తున్నాం, అపచారం జరుగుతుందని బంధువులు మాల తీసేయమన్నారు. నేను తీయనివ్వలేదు, అలాగని ఉంచాలని శాసించనూ లేదు. ఆయన తాగకుండా ఉండటానికి ఆ క్షణంలో ఆయనకున్న ఒకే ఒక్క కారణం ఆ మాల. దాన్ని స్పృహ లేనప్పుడు మెడలోంచి తీసేస్తే, కళ్లు తెరిచాక ఆయనకు మిగిలేది దీక్ష చెడిందన్న బాధ మాత్రమే. నిర్ణయం గురుస్వామిదే కావాలని కబురు పెట్టాం. ఆయన వచ్చి, ఒళ్లు బాగోలేనివాడికి నియమం ఒంటిని కాపాడుకోవడమేనని చెప్పి మాల అలాగే ఉంచమన్నారు. చికిత్స మొత్తానికి కీలకమైన మనిషి ఈయనేనని నాకు ఆ రోజే అనిపించింది.

అంతకు ముందు చేసినవి

తేరుకున్నాక చరిత్ర తెలిసింది. కొన్నేళ్ల క్రితం భార్య, తాగుడు మాన్పిస్తామని అమ్మే పొడి ఒకటి తెచ్చి, తెలియకుండా కూరలో కలిపింది. అది తిని తాగిన రోజు ఆయన ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడతో కూలబడ్డాడు. ఇటువంటి పొడుల్లో తరచుగా ఉండేది డైసల్ఫిరామ్. ఆల్కహాల్ ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను అక్కడితో ఆగిపోయేలా చేస్తుంది, అది పేరుకుని మనిషిని కుదిపేస్తుంది. రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తే ఉపయోగపడే ఔషధమే. చాటుగా ఇస్తే ప్రాణం మీదకు తెస్తుంది. ఇక్కడ ప్రాణం నిలిచింది కానీ నమ్మకం పోయింది. సంగతి తెలిశాక ఆయన చాలాకాలం ఆమె చేతి అన్నం తినలేదు.

తరువాత తల్లి, ఆయన చేత ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. వారం తిరక్కుండా ఒట్టు తప్పాడు. ఆ నెలలోనే పిల్లకు విషజ్వరం వచ్చింది. అది తన పాపమేనన్న బాధ ఆయనలో ఈనాటికీ పూర్తిగా పోలేదు. ఆ జ్వరం ఉన్నన్ని రోజులూ తాగుడు రెట్టింపైంది. ఒట్టు ఉద్దేశం మంచిదే, కానీ అది చిన్న తప్పును కూడా మహాపాపంగా మారుస్తుంది. ‘ఎలాగూ చెడింది, ఇంకేముంది’ అన్న నిరాశే ఒక పెగ్గును ఒక నెల తాగుడుగా మారుస్తుందని వ్యసన చికిత్సలో అమెరికన్ మనస్తత్వవేత్త అలాన్ మార్లట్ వంటివారు ఎప్పుడో గుర్తించారు. ఒట్టులో ఆ నిరాశకు దైవభయం కూడా తోడవుతుంది.

విఫలమైనవి

ఆ సీజన్‌లో ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు, మాల తీశాక మద్యం మీద కోరికను తగ్గించే మాత్రలు వాడమని చెప్పాం. ఆయన ఒప్పుకోలేదు. ‘మాత్ర వేసుకుని మానితే అది మాత్ర గొప్పతనం గానీ నా నియమం కాదు కదా సార్’ అన్నాడు. ఆ అభ్యంతరాన్ని మొండితనమని కొట్టిపారేయడం తేలిక. కానీ తన ప్రయత్నానికి విలువ ఉండాలన్న కోరిక అందులో ఉంది, వ్యసనంలో ఉన్న మనిషిలో అంతకంటే విలువైనది దొరకదు. కాబట్టి బలవంతం చేయకుండా, వారం వారం రమ్మని ఒప్పించాం. యాత్ర నుంచి తిరిగి వచ్చి ఇంట్లో మాల తీసిన మరునాడు సాయంత్రం షెడ్డువాళ్లు పార్టీ అన్నారు. వెళ్లాడు, తాగాడు.

మరుసటి ఏడాది ఆస్పత్రిలోనే క్రమంగా మాన్పించి, ఆ తరువాతే మాల వేయించాం. ఈసారి కుటుంబం కోరిక మీద గురుస్వామి దీక్షను 41 రోజులతో ఆపకుండా మకరజ్యోతి దాటాక కూడా కొనసాగించమన్నారు. రోజులు పెరిగితే అలవాటు స్థిరపడుతుందన్న ఆలోచనలో తర్కం ఉంది, అందుకే మేమూ అడ్డు చెప్పలేదు. కానీ గడువు జరిగిందే తప్ప పోలేదు. పైగా ఎండలు ముదిరాక చెప్పులు లేని కాళ్లతో వెల్డింగ్ షెడ్డులో నిప్పురవ్వల మధ్య పని, ఒంటిపూట భోజనం, భార్యకు దూరంగా పడక, ఇవన్నీ కలిసి ఆయనను విసిగించాయి. ఒక సాయంత్రం షెడ్డు వెనక తన చేత్తో తానే మాల తీసి జేబులో పెట్టుకుని బెల్టు షాపుకు వెళ్లాడు.

ఆ తరువాత ఆయన క్లినిక్‌కు గానీ, గుడికి గానీ రాలేదు. భార్య వచ్చి చెప్పిన మాటల్లో ‘నా ముఖం దేవుడికి చూపించలేను’ అన్నది ఉంది. దీన్ని భక్తుడి పశ్చాత్తాపమని వదిలేయకూడదు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయేమో అడిగి తీరాలి. ఇంటికి మనిషిని పంపి పిలిపించి నేరుగా అడిగాను. ఉన్నాయన్నాడు. కొన్ని రోజులు వార్డులో ఉంచుకుని, కుంగుబాటుకు చికిత్స మొదలుపెట్టాం.

ఫలించినవి

వార్డులో ఆ రోజుల్లో మేము ప్రశ్న మార్చాం. ఎందుకు తాగుతున్నావని అప్పటికే ఆయనను ఊరంతా అడిగింది. దీక్షలో ఎలా మానగలుగుతున్నారని అడిగేవారు లేరు. ఒక కాగితం ఇచ్చి, దీక్షలో ఒక రోజు ఎలా గడుస్తుందో గంటగంటకూ రాయమన్నాం, పక్కనే మామూలు రోజును కూడా రాయమన్నాం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకు ఆయన వైన్ షాపు దగ్గర ఉన్నాడు, దీక్షలో అదే ఆరున్నరకు చన్నీటి స్నానం చేసి దీపం ముందు కూర్చున్నాడు. కోరిక ఎక్కువగా పుట్టే గంటను దీక్ష సరిగ్గా ఆక్రమించింది. నల్లబట్టల్లో ఉన్నవాడిని తాగుదాం రమ్మని ఎవరూ పిలవరు. జేబులో డబ్బు ఉండదు, పీఠం ఖర్చులకే పోతుంది. ఇక నాలుగోది ఆయనే చెప్పాడు. ‘ఆ నలభై రోజులూ మా అమ్మ కూడా నన్ను స్వామీ అంటుంది సార్. మాల తీసిన పూట నుంచి మళ్లీ ఒరేయ్.’

ఇంతకంటే ముఖ్యమైన సంగతి నియమాల జాబితాలో ఉంది. దీక్షలో మానేవి ఏమిటని అడిగితే ఆయన వరసగా చెప్పాడు: మాంసం, మద్యం, చెప్పులు, క్షవరం, మంచం, దాంపత్యం. ఈ జాబితాలో ఒక్క మద్యం తప్ప మిగతావేవీ ఆయనకు హాని చేసేవి కావు. అవి స్వామి కోసం కొన్నాళ్లు వదులుకున్న సుఖాలు. వదులుకున్న సుఖాన్ని గడువు తీరాక తిరిగి తీసుకోవడంలో తప్పేమీ లేదు. మాల తీశాక చెప్పులు వేసుకున్నవాడిని ఎవరూ పతితుడనరు. మద్యం కూడా ఆయన మనసులో చెప్పుల పక్కన, గడ్డం పక్కన ఉంది. కాబట్టి మాల తీశాక తాగడం ఆ వరుసలో సహజమైన చివరి మెట్టు. నిష్ఠ ఎంత పెంచినా ఈ లెక్క మారదు, నిజానికి నిష్ఠగా చేసినకొద్దీ తిరిగి తీసుకునే హక్కు గట్టిపడుతుంది. మేము చేయాల్సిన పని మద్యాన్ని ఆ జాబితాలోంచి బయటికి తీయడమని అప్పుడు తేలింది.

ఆ పని వైద్యుడి మాటతో అయ్యేది కాదు. గురుస్వామితో కూర్చున్నాం. ఆయన ముందు నా వైఖరి స్పష్టంగా చెప్పాను: నేను ఎవరికీ దేవుడిని సూచించను, రోగి వెంట తెచ్చుకున్న నమ్మకాన్ని తోసిపుచ్చను కూడా. నమ్మకం లేని రోగికి ఈ దారి చెప్పను. మాత్రల గురించి రోగికి ఉన్న అభ్యంతరం ఆయనకు చెప్పినప్పుడు ఆయన రోగి వైపు తిరిగి ఒకే మాట అన్నారు: ‘నీలిమల ఎక్కేటప్పుడు చేతికర్ర పట్టుకుంటావు కదా స్వామీ, కొండ కర్ర ఎక్కిందంటావా, నువ్వు ఎక్కావంటావా?’ ఆ వారమే కోరికను తగ్గించే మాత్ర నాల్ట్రెక్సోన్ మొదలైంది. కాలేయ పరీక్షలు అప్పటికి కుదుటపడ్డాయి, నల్లమందు జాతి నొప్పిమందులు ఏవీ వాడటం లేదని నిర్ధారించుకుని రోజుకు 50 మిల్లీగ్రాములు ఇచ్చాం. మాత్రలు భార్య చేతికి ఇవ్వలేదు. పాత పొడి సంగతి గుర్తుంది కాబట్టి ఆమెను మళ్లీ కాపలాదారును చేయదలచుకోలేదు. ఆ షీటును ఆయనే పూజగదిలో కుంకుమ భరిణె పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రం దీపం వెలిగించాక వేసుకుంటాడు.

దీక్షలో పనిచేసిన అంశాల్లో మాల లేకుండా మిగలగలిగినవి ఏవని ఒక్కొక్కటిగా చూశాం. ఆరున్నర స్నానం, దీపం మిగిలాయి. జీతం భార్య ఖాతాలో పడాలని యజమానికి ఆయనే చెప్పుకున్నాడు. షెడ్డువాళ్లకు తనకు వచ్చిన జబ్బు పేరుతో సహా చెప్పాడు. గౌరవం విషయంలో మాత్రం చాలా ఆలోచించాం, ఎందుకంటే మాల ఇచ్చినంత గౌరవాన్ని సలహాతో ఇవ్వలేం. గురుస్వామి ఆయనకు శనివారం అన్నదానం వంట బాధ్యత ఏడాది పొడవునా అప్పగించారు. వంద మందికి సాంబారు కాచే మనిషిని ఎవరూ ఒరేయ్ అనరు. తల్లితో విడిగా మాట్లాడాం.

తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం సమావేశాలకు మొదట వెళ్లనన్నాడు, అది చర్చి హాలులో జరుగుతుందని. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలవడంతో మొదలైన ఆ సంఘం, ఎవరి దేవుడిని వారే తలుచుకోవచ్చంటుందని చెప్పాక వెళ్లాడు. అక్కడ ఆయనను పట్టుకున్నది ‘ఈ ఒక్క రోజు’ అన్న పద్ధతి. 41కి చివరి రోజు ఉంటుంది, ‘ఈ రోజు’కు గడువు తీరడం ఉండదు. ఆ సంఘ స్థాపకుల్లో ఒకరికి 1961 జనవరిలో స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ రాసిన లేఖలో, మద్యం మీది దాహం ఆధ్యాత్మిక దాహానికి కింది మెట్టు రూపమన్న అభిప్రాయం ఉంది. వణుకుతున్న చేతికి ఆ మాట ఏమీ చేయలేదు, దానికి లోరజెపామే కావాలి. కానీ భజనలో గొంతెత్తినప్పుడు గుండెల మీద బరువు దిగుతుందని, పూర్వం రెండో పెగ్గు దగ్గర అచ్చం అలాగే ఉండేదని ఈ రోగి చెప్పినప్పుడు యూంగ్ ఏమంటున్నాడో నాకు అర్థమైంది.

తరువాతి సీజన్‌లో మళ్లీ మాల వేసుకున్నాడు, ఈసారి అప్పటికే నెలలుగా తాగకుండా ఉండి. మాల తీసే రోజును ముందే ప్రణాళిక వేశాం: సాయంత్రం వద్దు, ఉదయం. పక్కన భార్య, గురుస్వామి ఉండాలి, ఆ సాయంత్రం అన్నదానం పని ఉండాలి. మాల తీస్తూ గురుస్వామి, ‘చెప్పులు వేసుకో స్వామీ, గడ్డం గీయించుకో, ఇంట్లో వండింది తిను. అది మాత్రం స్వామి దగ్గరే ఉండిపోయింది, నీది కాదు’ అన్నారు.

కొన్ని నెలల తరువాత ఒక బంధువు పెళ్లిలో తాగాడు. ఒక్క రాత్రి. మరునాడు పొద్దున్నే గురుస్వామి ఇంటికి వెళ్లి చెప్పాడు, అక్కడి నుంచి నేరుగా క్లినిక్‌కు వచ్చాడు. ఆ రాత్రి జరిగింది కంటే ఆ పొద్దున జరిగినదాన్నే నేను కేసు షీటులో పెద్దగా రాశాను. వెనక తన చేత్తో మాల తీసేసినప్పుడు ‘స్వామి నన్ను వదిలేశాడు’ అనుకుని దాక్కున్న మనిషి, ఇప్పుడు దాక్కోలేదు. తాగని రోజుల లెక్కతో ఆధ్యాత్మిక ఎదుగుదలను కొలిచేవారు ఈ సంఘటనను పతనమంటారు. నాకు అది అన్నిటికంటే స్పష్టమైన ఎదుగుదలగా కనిపించింది, ఎందుకంటే ఒట్టు కాలంలో అబద్ధం నేర్పిన భయం ఇక్కడ లేదు.

ఈ కేసు తరువాత మా పద్ధతిలో మార్పులు

ఇప్పుడు దీక్ష తీసుకునే రోగి ఎవరు వచ్చినా, మాల ఎప్పుడు వేస్తారని కాక ఎప్పుడు తీస్తారని ముందు అడిగి, ఆ తేదీ నుంచి వెనక్కి చికిత్సను లెక్కిస్తాం. మానేవాటి జాబితా ఆయన చేతే చెప్పించి, అందులో మద్యం ఎక్కడుందో చూస్తాం. భవానీ దీక్ష, హనుమాన్ దీక్ష, శివమాల తీసుకునేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఆ పీఠంలో మాల వేసే ముందు గురుస్వామి ప్రతి కొత్తవాడినీ పక్కకు పిలిచి మూడు సంగతులు అడుగుతున్నారు: రోజూ తాగుతావా, పొద్దున చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. ఏ ఒక్కదానికి అవునన్నా ముందు ఆస్పత్రికి పంపి, తేరుకున్నాక మాల వేస్తున్నారు. మండలం కాస్త ఆలస్యంగా మొదలైనా మకరజ్యోతికి 41 రోజులు సరిపోతాయి. పూనకం వచ్చిందనిపించిన ప్రతిసారీ ఒళ్లు పట్టుకుని చూడాలన్నది కూడా అక్కడ నియమమైంది. వణుకు, చెమట, జ్వరం, లేనివి కనిపించడం కలిసి ఉంటే, అందులోనూ మద్యం ఆపి నాలుగు రోజుల లోపైతే, అది గంటల్లో ఆస్పత్రికి చేరాల్సిన స్థితి.

ప్రస్తుతం రోగి పనిలో ఉన్నాడు, ఆ పెళ్లి తరువాత మళ్లీ తాగినట్లు తనూ చెప్పలేదు, కుటుంబమూ చెప్పలేదు, రక్తపరీక్షలూ చూపలేదు. నిద్ర ఇంకా సరిగా లేదు. కొడుకు ఆయనతో అవసరానికి మించి మాట్లాడడు, దానికి సమయం పడుతుందని ఇద్దరికీ చెప్పాం. కుంగుబాటు మాత్రలు ఆపేశాం. నాల్ట్రెక్సోన్ కూడా ఆపమని ఆయన ఈ మధ్య అడుగుతున్నాడు. రాబోయే సీజన్‌లో మాల తీసిన తరువాత కనీసం మూడు నెలలు గడిచాకే ఆ సంగతి చూద్దామని చెప్పాను, ఆయన ఒప్పుకున్నాడు.